అరుగుదల

బ్రాడ్‌ఫర్డ్‌లో వాన పట్టుకుంటే
ముందు మెట్లకు తెలుస్తుంది, తర్వాత మోకాళ్ళకు.
తొమ్మిదిన్నరకి తలుపు తట్టాను.
మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్,
జేబులో తేమ కొలిచే చిన్న యంత్రం.
ఖాళీ అయ్యే ఇళ్ళ లెక్క రాయడం నా పని:
గోడకెన్ని మేకులు, తివాచీకెన్ని మరకలు,
డిపాజిట్‌లో ఎంత వెనక్కివ్వాలి, ఎంత కోయాలి.
కోసేది నేను కాదు.
ఎక్కడ కోయాలో గీత గీసేది నేను.

మౌరీన్ హెబుల్‌త్వెయిట్. పదకొండేళ్ళ అద్దెదారు.
కోటు బొత్తాలన్నీ పెట్టుకుని
ఉత్త గదిలో నిలబడి ఉంది.
"టీ ఇవ్వలేను, కెటిల్ సర్దేశాను" అంది
నేనేదో చుట్టపుచూపుగా వచ్చినట్టు.

వంటింట్లో సింకు ముందు
లినోలియం రెండు పాదాల మేర అరిగిపోయింది.
కుడి పల్లం కాస్త లోతు.
అటే ఒరిగి గిన్నెలు కడిగేది కాబోలు.
చట్టం దీన్ని న్యాయమైన అరుగుదల అంటుంది;
బతికినందుకు పడ్డ గుర్తులకి డబ్బు అడగకూడదు.
ఆ గడిలో టిక్కు పెడుతూ అనుకున్నాను,
మా భాషలో అరుగుదలంటే
తిన్నది ఒంటబట్టడం కూడా.
ఈ ఇల్లు ఆమె పదకొండేళ్ళనీ
నిదానంగా, నీళ్ళు తాగి, అరిగించుకుంది.

వెనక పడగ్గదిలో మాత్రం ఏదీ అరగలేదు.
బీరువా జరిపిన చోట నల్లటి బూజు,
ఎవరో బొగ్గు చేత్తో తడుముకుంటూ
నేల నుంచి నడుం దాకా పాకినట్టు.
యంత్రం ఆనించగానే కీచుమంది.
ఓనరు మెయిలు నా దగ్గరుంది:
"కిటికీలు తెరవదు. బట్టలు లోపలే ఆరేస్తుంది.
ఇదంతా ఆమె ఊపిరి ఆవిరి.
ఆరువందల నలభై పౌండ్లు కోయండి."

ఊపిరికి వేరే మీటరుందని అప్పటికే నాకు తెలుసు.
లీడ్స్‌లో నా మొదటి ఇంట్లో ఏజెంటు కుర్రాడు
ముక్కు ఎగబీల్చి అన్నాడు:
"మీరు అన్నం మరీ ఎక్కువ వండుతారు."
గంజి వార్చడం మానేశాను.
చారు మరిగించాలంటే భయం,
కుక్కరు కూతకి జనవరిలో కిటికీ తీశాను.
నేనేం వండానో అడక్కుండానే బూజు పెరిగింది,
పిల్ల దగ్గు పెరిగింది.
పైకప్పు తూము పగిలిందని
పక్కింటి ప్లంబరు చెప్పేసరికి రెండేళ్ళు.
అప్పటికే నేను క్షమాపణ చెప్పేసి ఉన్నాను.

మౌరీన్ బిస్కెట్ల డబ్బా తెరిచింది.
ఉత్తరాల నకళ్ళు. ఒక్కోదానికీ పిన్ను కొట్టిన పోస్టు రసీదు.
పందొమ్మిది.
మొదటిదాంట్లో "తమకు వీలైనప్పుడు."
ఏడోదాంట్లో "ఇది మూడో చలికాలం."
పన్నెండోదాంట్లో ఒక్కటే వాక్యం,
గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి తడుస్తోంది.
చివరిదాని నకలు కౌన్సిల్‌కి వెళ్ళింది.
అయిదో వారానికి ఖాళీ చేయమని నోటీసు.
"మధ్యలో ఒక జవాబొచ్చింది" అంది.
"కేలండరు. వాళ్ళ ఆఫీసు బొమ్మతో."

కిటికీలోంచి సగం బయటికి వంగాను.
తూము కీలు ఊడి వేలాడుతోంది,
వాన నీళ్ళన్నీ ఇటుకలు తాగుతున్నాయి.
చూరు, కీలు, ఇటుక, లోపలి గోడ,
వరసగా ఫోటోలు తీశాను, తప్పించుకోవడానికి సందు లేకుండా.
వేళ్ళు కొంకర్లు పోతుంటే రాశాను:
"తేమ బయటినుంచి. అద్దెదారు పందొమ్మిదిసార్లు తెలియజేశారు,
రసీదులు చూశాను. మరమ్మతు యజమాని బాధ్యత.
అద్దెదారు నుంచి కోయదగినది: లేదు."
పంపే ముందు కాసేపు ఆగాను.
ఈ ఏజెన్సీ నన్ను మళ్ళీ పిలవకపోవచ్చు.
ఒకటో తారీకుకి ఇంకా ఆరు రోజులు.
పంపాను.

గుమ్మం దగ్గర ఆమెకి గుర్తొచ్చింది:
"హాల్లో ఒక మేకు కన్నం పూడ్చలేదు.
మా అక్క బారోమీటరు ఉండేదక్కడ,
ఎప్పుడు చూసినా వాన దగ్గరే ముల్లు.
దానికెంత?"
వెళ్ళి చూశాను.
గోడంతా వెలిసింది, ఆ గుండ్రం ఒక్కటే వెలవలేదు,
పదకొండేళ్ళ కిందటి పసుపు.
ఫారంలో దానికి గడి లేదు.
"ఏమీ లేదండీ" అన్నాను.
తాళంచెవులు మూడు. లెక్క సరిపోయింది.